మాస్టారు ఇచ్చిన దూది

ఏంటే, తుని దాటిందటా? అయితే ఇంకా బోల్డు టైముంది. ఆ ఫోను పక్కన పడేసి ఇలా వచ్చి కూచో, నువ్వలా గుమ్మానికీ గోడకీ తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఆ రైలు అన్నవరంలో ఆగిందంటే కదలడానికి దానికి మనసొప్పదు. ఆ తర్వాత సామర్లకోటలో దిగాలి, ఆటోవాడితో బేరం ఆడాలి, పెద్దాపురం వచ్చాక మన సందు ఏదో తెలీక రెండు చోట్ల అడగాలి. ఈలోగా నీకు పార్థసారథి మాస్టారి గురించి చెప్తాను. ఏ మాస్టారేంటే! మీ మామ్మ నీకెప్పుడూ చెప్పలేదూ? ఈ బొమ్మకి ఈ ఫ్రేము కట్టించిందే ఆయన. ఇవాళ నువ్వు వైజాగు నుంచి ఆ ఉమాశ్రీ గారిని రప్పించి, ఇది అసలా నకలా, ఎప్పటిది, ఎంత పలుకుతుంది అని చూపిస్తున్నావు కదా, ఈ బొమ్మకి ఇవి రెండో పెళ్ళిచూపులు. మొదటి పెళ్ళిచూపులకి వచ్చింది మాస్టారే. అమ్మకూడదని నేననడం లేదు తల్లీ. మీ మామ్మ నీకిచ్చింది, నీ వస్తువు. రాజమండ్రిలో పిల్లలకి బొమ్మల బడి పెట్టుకుంటానంటే నాకు మాత్రం సంతోషం కాదూ? కానీ ఆవిడ మొన్న ఫోన్లో అన్న మాటుంది చూడు, నుదుటి మీద ఆ ఎర్ర మరక తర్వాతెవరో పెట్టారండీ, దాన్ని శుభ్రం చేయించేస్తే ఖరీదు బాగా పెరుగుతుందండీ అని, ఆ మాట స్పీకర్లో విన్న దగ్గర్నుంచీ నాకు మాస్టారే గుర్తొస్తున్నారు. ఉండు, ఈ స్టిక్కరు జారిపోతోంది. ఈ బొట్టుబిళ్ళలొకటి, చెమటకి ఆగి చావవు. పక్క వాటాలో బట్టలు కుట్టే ఆ బేబీ ఎప్పుడు చూసినా కొత్త బొట్టుబిళ్ళతో ఉంటుంది, ఏ కంపెనీవో కనుక్కోవాలి.

మాస్టారంటే ఎలా ఉండేవారనుకున్నావు? పొడుగ్గా, సన్నగా, మెడ కాస్త ముందుకి చాచి, నీళ్ళలో చేప కోసం చూసే కొంగలాగా ఉండేవారు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. ఆ రోజుల్లో డ్రాయింగ్ మాస్టారంటే ఎవరికి లెక్క? లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసులో కూచోబెట్టడానికి పనికొస్తాడని పెట్టుకునేవారు. ఈయనకి అదేం పట్టేది కాదు. సెలవులొస్తే చాలు, మద్రాసో హైదరాబాదో వెళ్ళి, అక్కడ మ్యూజియంలో ఒకే బొమ్మ ముందు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, తిరిగి రైలెక్కేసేవారట. 'ఊరంతా చూశారా మాస్టారూ?' అని ఎవరైనా అడిగితే, 'ఆయ్, ఒక కిటికీ చూశానండి. చాలా బాగుందండి' అనేవారు. బొమ్మలో ఉన్న కిటికీ అన్నమాట! అలా చూసీ చూసీ ఆయనకి ఒక చూపు వచ్చింది. ఎవరింట్లో ఏ పాత పటం దొరికినా సైకిలు మీద ఆయన్ని పిలుచుకొచ్చేవారు. ఆయన వచ్చి ముందు ఏం చేసేవారో తెలుసా? బొమ్మని తలకిందులు చేసి చూసేవారు. 'తిన్నగా పెడితే మొహం మనల్ని మాటల్లో పెట్టేస్తుందండి, తలకిందులుగా పెడితే ఇంక చెయ్యి ఒక్కటే కనపడుతుంది, గీసినవాడి చెయ్యి' అనేవారు. తర్వాత వెనకవైపు చూడటం, తర్వాత వాసన చూడటం. ఆఖర్న భూతద్దం. దానికి పాత గొడుగు గుడ్డతో ఒక సంచీ కుట్టించుకున్నారు. వాళ్ళావిడ అంటుండేది, 'మా పెళ్ళిచూపుల్లో నన్ను తలకిందులుగా నిలబెట్టలేదు, అదే నయం' అని.

ఒక్కటి మాత్రం ఉంది. అబద్ధం చెప్పేవారు కాదు. గణేష్‌బాబు గారని ఒకాయనకి రైసుమిల్లు ఉండేది, ఆయన హాల్లో ఒక పెద్ద పటం, మంచుకొండలూ, ఇల్లూ, గుర్రబ్బండీ. లండన్ నుంచి తెప్పించాను, చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగు అని ఊరందరికీ చెప్పుకునేవాడు. కూతురి పెళ్ళికి వియ్యాలవారు దిగారు, వాళ్ళ ముందు గొప్పగా ఉంటుందని మాస్టారిని పిలిపించి, 'ఏంటి మాస్టారూ, మా వియ్యంకుడు గారికి చెప్పండి ఇదేంటో' అన్నాడు. ఈయన కుర్చీ వేసుకుని ఎక్కి, చూసి, మూల మీద గోటితో చిన్నగా గీరి, కిందికి దిగి, 'బిస్కెట్ డబ్బా మూత మీద వచ్చేదండి ఈ బొమ్మ. దాన్ని పెద్దది చేసి అచ్చేశారు. బిస్కెట్లు మాత్రం బాగుండేవండి' అన్నారు. ఇంకేముంది! పెళ్ళి భోజనాల్లో కూడా ఇదే కబురు. గణేష్‌బాబు గారు ఆ తర్వాత ఆయన సైకిలు కనపడితే కారు తిప్పించుకుపోయేవాడు. నవ్వుతావేంటే, కారు అంటే ఆ రోజుల్లో మన వీధిలో తిప్పడానికి ఎంత కష్టం!

సరే, ఈవిడ సంగతికొద్దాం. ఇదిగో, ఇంత జానెడు బొమ్మ. నీకు చిన్నప్పటి నుంచీ అలవాటైపోయి కనపడదు కానీ, సరిగ్గా చూడు. మేడ మీద పక్కకి తిరిగి కూచుంది. మొహం సగమే కనపడుతుంది. ఉల్లిపొరలాంటి పల్చటి మేలిముసుగు, మెడ నిండా ముత్యాలు, ఒక చేతిలో పువ్వు, ఇంకో చేతిలో బుల్లి బంగారు గిన్నె. మా తాతగారు ఏదో జమీందారు గారి కచేరీలో పనిచేసేవారట. ఆ జమీందారీ కాస్తా పోయాక, పనివాళ్ళకి తలా ఒక సామాను ఇస్తే ఈయన వంతుకి ఇదొచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలీక దేవుడి గదిలో గోడకి ఆనించారు. సరిగ్గా ఆ పైనే చిలక్కొయ్యకి మన పేరంటాలు బుట్ట. చిట్టెమ్మ పేరంటాలు తెలుసుగా, మా ముత్తాత గారి చెల్లెలు, పసుపు కుంకాలతో పోయింది, అందుకే ఏటా ఆవిడకి చీర పెట్టుకుని ముత్తయిదువులకి తాంబూలాలిస్తాం. ఆవిడకి పటం లేదు, విగ్రహం లేదు. ఆ వెదురు బుట్టలో చీరా రవికా పెడితే అదే ఆవిడ. మీ మామ్మ వెంకటరత్నమ్మ, అంటే మా చిన్నవదిన, కాపురానికి వచ్చిన మొదటి శుక్రవారం, మా అమ్మ వంటింట్లోంచి కేకేసింది, 'అమ్మాయ్, పేరంటాలికి బొట్టు పెట్టి రా' అని. బుట్టకి పెట్టమని మా అమ్మ ఉద్దేశం. కొత్తకోడలు, పుట్టింట్లో ఈ బుట్టల సంగతి ఎరగదు. గదిలోకి వెళ్ళి చూస్తే ఎదురుగా ఈవిడ! నగలూ, పువ్వూ, చేతిలో గంధం గిన్నె. పేరంటానికి బయల్దేరినట్టే ఉంది కదా మరి. తడి కుంకం వేలితో తీసుకుని, నుదుటి మీద చక్కగా, గుండ్రంగా పెట్టేసింది.

మా అమ్మ వచ్చి చూసింది. తుడిచెయ్యమనాలి. కానీ ఎలా అంటుంది? కొత్తకోడలు తన చేత్తో ఒక ఆడమనిషికి పెట్టిన బొట్టుని మళ్ళీ తన చేత్తోనే చెరపడమా, అదీ శుక్రవారం పూటా? 'సరేలే, ఇవాళ్టికి ఉండనీ' అంది. ఇవాళ్టికి ఇవాళ్టికి అంటూ వారాలు గడిచిపోయాయి. ఇంకో ఏడాదికి మా అమ్మే ఎక్కడికన్నా బయల్దేరేటప్పుడు ఈవిడకి దణ్ణం పెట్టుకోవడం మొదలెట్టింది. మా పెద్దన్నయ్య శశిభూషణ్ ఉద్యోగం పరీక్షకి వెళ్తూ ఎవరూ చూడకుండా వచ్చి మొక్కుకున్నాడు, నేను చూశాను. బుట్ట బుట్టలాగే ఉంది కానీ, పేరంటాలంటే మాత్రం అందరి కళ్ళ ముందుకీ ఈవిడ మొహమే వచ్చేది.

అన్నవరం వచ్చిందటా? చెప్పానా, అక్కడ అది లేవదు. ఎక్కడున్నాను? ఆ, పంపకాలు. మా నాన్న పోయాక అన్నదమ్ములిద్దరూ వేరు పడదామనుకున్నారు. గొడవలేం లేవు, పొలం గట్ల మీదే తేలిపోయింది. మీ తాత, మా చిన్నన్నయ్య సుధాకర్, ఏది ఇచ్చినా సరేననే మనిషి. ఆఖర్న ఈ బొమ్మ దగ్గర ఆగింది. రాజమండ్రి నుంచి సుకుమార్ అని ఒకడు తిరిగేవాడు, పాత తలుపులూ, ఇత్తడి గుండిగలూ, గడియారాలూ కొనేవాడు. నూనె రాసి దువ్విన క్రాపు, చేతిలో తోలుసంచీ. వాడు ఈవిడని చూశాడు. చూసి, మా పెద్దన్నయ్యని పక్కకి తీసుకెళ్ళి, 'సార్, ఇది నవాబుల కాలంది. మద్రాసులో నాకు తెలిసినవాళ్ళున్నారు' అని చెవిలో ఊదాడు. ఇంక పెద్దన్నయ్యకి నిద్ర పడితేనా? అమ్మేసి చెరి సగం తీసుకుందాం అన్నాడు. మీ తాత సరేనన్నాడు. మీ మామ్మ ససేమిరా అంది.

ఇప్పుడు అసలు తమాషా చూడు. మీ మామ్మ బావగారికి ఎదురుపడి మాట్లాడదు. ఆ రోజుల్లో అది పద్ధతి. తలుపు చాటున నిలబడి మాట్లాడాలి, అదీ ఇంకొకరి చేత చెప్పించాలి. ఆ ఇంకొకరు ఎవరు? నేను. తునిలో కాపురం చేసుకుంటున్నదాన్ని, పంపకాలకని వచ్చి గుమ్మంలో నిలబడి ఇరుక్కుపోయాను. ఆయన ఇటు వాలుకుర్చీలో, ఆవిడ అటు తలుపు వెనక, మధ్యలో మూరెడు దూరం లేదు. 'పాపాయీ, బావగారితో చెప్పు, పేరంటాలిని అమ్ముకున్న ఇల్లు ఎక్కడైనా ఉందా అని.' ఆయనకి వినపడింది కదా, జవాబు చెప్పొచ్చు కదా? ఊహూఁ. నా వంక చూస్తాడు. నేను చెప్పాలి. చెప్పాక, 'పాపాయీ, ఆవిడతో చెప్పు, అది పేరంటాలు కాదు, కాగితం మీద బొమ్మ అని.' 'బావగారితో చెప్పు, కాగితానికైతే పరీక్షకి వెళ్తూ దణ్ణం ఎందుకు పెట్టుకున్నారో అని.' అది నేనే చెప్పాను వదినకి ఎప్పుడో, నోరు జారి! నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మొహం ఎర్రగా చేసుకుని, 'మూర్ఖత్వానికి హద్దుండాలని చెప్పు' అన్నాడు. నేను కాస్త తగ్గించి, 'కొంచెం ఆలోచించుకోమంటున్నారు వదినా' అన్నాను. లోపల్నుంచి వదిన, 'మూర్ఖత్వం అన్నది వినపడిందిలే' అంది. ఇలా పొద్దెక్కేదాకా. ఆఖరికి ఇద్దరూ ఒక్క దాని మీద ఒప్పుకున్నారు, మాస్టారిని పిలవడం. అన్నయ్య ధీమా ఏంటంటే మాస్టారు నిజం చెప్తారు, ఇది ఎవరో నవాబుగారి బేగం అని తేలిపోతుంది, వదిన నోరు మూతపడుతుంది అని. వదిన ధీమా ఏంటంటే మాస్టారు నిజం చెప్తారు, పేరంటాలే అని తేలిపోతుంది అని.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. సుకుమార్ కూడా తయారు, తోలుసంచీ ఒళ్ళో పెట్టుకుని. మాస్టారు అరుగు మీద, ఎండ పడని చోట చూసుకుని చాప వేయించుకున్నారు. బొమ్మని తలకిందులు చేశారు. మా పెద్దవదిన లోపల్నుంచి, 'అయ్యో, పేరంటాలికి తల తిరుగుతుందేమో' అంది. ఆయన వినలేదు. వెనకవైపు ఏవో వంకర అక్షరాలూ, ఒక చిన్న ముద్రా ఉంటే వాటినే చాలాసేపు చూశారు. వాసన చూశారు. అప్పుడు తిన్నగా తిప్పి భూతద్దం తీశారు. ఇంక మాటలు మొదలు, ఎవరితోనో కాదు, తనలో తనే. 'ఆహా, చెవి దగ్గర వెంట్రుకలు చూడండి, ఒక్కో వెంట్రుకకీ ఒక్కో గీత. ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచె అండి ఇది. ఊపిరి బిగబట్టి గీసుంటాడు మహానుభావుడు.' నన్ను పిలిచి, 'ఇలా రా అమ్మా, వేలితో తాకి చూడు, మెల్లిగా' అన్నారు. ముత్యాలు కాగితం మీద నిజంగానే పైకి లేచి ఉన్నాయే! ముగ్గు చుక్కలు ఎండాక వేలికి తగుల్తాయి చూడు, అలాగ. మేమందరం కాఫీలు తాగేశాం, ఆయన కాఫీ మాత్రం చల్లారిపోయి మీగడ కట్టింది. ఆఖరికి భూతద్దం సంచీలో పెట్టేసి, 'అసలుదేనండి' అన్నారు. సుకుమార్ కుర్చీలో ముందుకి జరిగాడు. 'చాలా పాతది. ఢిల్లీ పనో గోలకొండ పనో కచ్చితంగా చెప్పలేను, అంత నాకు రాదు. కానీ చెయ్యి మాత్రం గొప్ప చెయ్యి.' 'మరి ఇందులో ఉన్నదెవరు మాస్టారూ?' అని అన్నయ్య గట్టిగా అడిగాడు, తలుపు వైపు చూస్తూ. మాస్టారు కూడా తలుపు వైపే చూశారు. చూసి, మెల్లిగా, 'నవాబుల ఇంటి ఆడబిడ్డ అండి. సాయిబుల ఆవిడ' అన్నారు.

నాకైతే వదిన లోపల ఏడుస్తుందేమోనని భయం వేసింది. అంతలో తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. 'పాపాయీ, మాస్టారిని అడుగు. ఆవిడకి మొగుడున్నాడా?' ఆ ప్రశ్నకి మాస్టారు కూడా కంగారు పడ్డారు. మళ్ళీ భూతద్దం తీశారు. అయ్యో, ఆయన మొహం చూడాల్సిందే, ఎన్ని బొమ్మలు చూసినా ఇలా ఏ బొమ్మనీ చూసి ఉండరు. ముక్కు చూశారు, చేతులు చూశారు, వేళ్ళు చూశారు. 'ముక్కున బులాకీ ఉందమ్మా. చేతులకి గోరింటాకు ఉంది, పండింది కూడా బాగానే. ఉన్నాడనే అనుకోవాలి.' 'అయితే ముత్తయిదువే కదా. ఏ ఇంటి ముత్తయిదువైతేనేం, బొట్టు పెడితే తప్పేంటో అడుగు.' మాస్టారు నా వంక చూసి, 'తప్పు లేదని చెప్పమ్మా' అన్నారు. ఆయనకి కూడా నేనే మాట మోశాను చూడు!

అప్పుడు ఆ సుకుమార్ ఊరుకోవచ్చా? 'మరి ఆ బొట్టే కదా సార్ అడ్డం! అది తీసేస్తే గానీ మద్రాసువాళ్ళు ముట్టుకోరు' అన్నాడు. మాస్టారు వెంటనే, 'తీయొచ్చండి. అమ్మా పాపాయీ, కాస్త దూదీ, చిన్న గిన్నెలో నీళ్ళూ తే' అన్నారు. నాకు ఆయన మీద చచ్చే కోపం వచ్చింది, ఏమనుకున్నావు. దేవుడి గదిలో వత్తుల డబ్బాలోంచి దూది తెచ్చి ఇచ్చాను. దాన్ని ఉండ చుట్టి, తడిపి, పిండి, చెయ్యి చాపారు. సుకుమార్ వైపు కాదు. మా పెద్దన్నయ్య వైపు. 'తీయండి. మీ ఇంటి పెద్ద మీరు. నాకు చూడటమే వచ్చండి, తుడవటం రాదు.' అన్నయ్య పట్టుకున్నాడు. పట్టుకుని, పంచె సర్దుకుని బొమ్మ మీదికి వంగాడు. దూది నుదుటికి ఇంకాస్త దూరంలో ఉంది. అప్పుడు లోపల్నుంచి మా పెద్దవదిన, అన్నయ్య పెళ్ళాం, 'ఏవండీ' అంది. అంతే. ఇంకో మాట లేదు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మొగుడు తన చేత్తో ఒక ముత్తయిదువ బొట్టు తుడుస్తుంటే ఏ పెళ్ళాం చూస్తుందే? దూదిలోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా చాప మీద పడుతున్నాయి. ఈ సుకుమార్ ఉన్నాడు చూశావూ, చటుక్కున లేచి, 'ఇటివ్వండి సార్, నేను తుడిచేస్తాను, నాకింకా పెళ్ళి కాలేదు' అన్నాడు! మా అన్నయ్య ఉరిమాడు చూడు, వీధి చివర దాకా వినపడి ఉంటుంది. 'కూచోవయ్యా! మా గడపలోకి వచ్చి మావాళ్ళ బొట్టు తుడుస్తావా నువ్వు?' మావాళ్ళ, అన్నాడు. అందరం విన్నాం. అన్నాక ఆయనా విన్నాడు. దూది తీసి వీధిలోకి విసిరేసి, వాలుకుర్చీలో కూలబడి, 'మరి దీని వెల ఎంతని చెప్పారు మాస్టారూ' అన్నాడు, ఏదో ఒకటి అనాలి కదా. మాస్టారు మీగడ కట్టిన కాఫీ చల్లగానే తాగేసి, 'ఇప్పుడు మీరే చెప్పారు కదండీ' అని సైకిలెక్కేశారు.

తర్వాత వారం ఆయనే ఈ ఫ్రేము పట్టుకొచ్చారు, అద్దం వేయించి, అప్పట్నుంచీ ఈవిడ ఈ హాల్లో గోడ మీదే ఉంది. కుంకం కాగితాన్ని తినేస్తుందమ్మా, ఇకనుంచీ అద్దం మీద పెట్టు అన్నారు. 'అద్దం మీద పెడితే ఆవిడకి అందుతుందా మాస్టారూ?' అని మీ మామ్మ సందేహం. 'ఫొటోలో మీ మావగారికి వేసే దండ అందట్లేదా అమ్మా?' అని ఆయన. అందుకే లోపల కాగితం మీద ఆ పాత బొట్టు అలా ఉండిపోయింది, పైన అద్దం మీద శుక్రవారం శుక్రవారం కొత్తది. ఇంకోటి కూడా ఆ రోజే తేలింది. 'మాస్టారూ, చేతిలోది గంధమేనా?' అని అడిగింది. అబద్ధం చెప్పరు కదా, 'కాదమ్మా, తాగేది' అన్నారు నీళ్ళు నములుతూ. 'ఏం తాగుతుంది?' 'ద్రాక్షరసం అనుకో.' మీ మామ్మ కాసేపు ఆలోచించి, 'అయ్యో, ఇన్నాళ్ళూ ఒట్టి పులిహోరే పెట్టాను' అంది. మన పేరంటాలికి పులిహోర పక్కన ద్రాక్షపళ్ళ గుత్తి ఎందుకు పెడతామో నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి గుర్తుందా? అదీ సంగతి. ఊళ్ళో ఏ ఇంటి పేరంటాలికీ ఉండదే ఆ నైవేద్యం. మాస్టారు ఏటా ఆ రోజుకి వచ్చేవారు, ద్రాక్ష తిని, భూతద్దం తీసి ఈవిడని ఒకసారి చూసుకుని వెళ్ళేవారు. 'బాగున్నారండీ' అనేవారు, చుట్టాన్ని చూసొచ్చినట్టు. మరిడమ్మ జాతర రోజుల్లో పోయారు పాపం. ఊరంతా డప్పులూ గరగలూ, ఆ హోరులో ఆయన చప్పుడు లేకుండా వెళ్ళిపోయారు.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే... లేదు లేదు, బొమ్మ అమ్మొద్దని కాదు. ఇంకోటి ఉంది. మీ మామ్మ నీకు ఇది చెప్పి ఉండదు, నేనున్నాను కదా నేనే చెప్పుకుంటానని వదిలేసి ఉంటుంది. మీ తాతయ్య, అంటే మా ఆయన, తుని బజారులో బెల్లం వ్యాపారం. హైవే మీద లారీ. ఆ ముక్క వదిలెయ్. నన్నిక్కడికి తీసుకొచ్చేశారు. పదోరోజున ఈ హాల్లోనే, ఇదిగో నువ్వు కూచున్న చోటే, పీట మీద కూచోబెట్టారు. చుట్టాల ఆడవాళ్ళు, పేర్లెందుకులే, అందరూ పోయారు, చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళకి తెలిసింది అదే. అన్నీ పళ్ళెంలో సిద్ధం చేసుకున్నారు. పెద్దన్నయ్య ఆ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. మాస్టారు పలకరింపుకి వచ్చి అరుగు మీద ఉన్నారు. అప్పుడు మీ మామ్మ దేవుడి గదిలోంచి వచ్చింది. బావగారితో ఆవిడ ఏం చెప్పాలన్నా నా చేతే కదా చెప్పించేది? నేనేమో పీట మీద ఉన్నాను. ఇంకెవరి చేత చెప్పిస్తుంది? తిన్నగా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. కాపురానికి వచ్చాక అదే మొదలు. చేతిలో వత్తుల డబ్బా. మూత తీసి చాపి, 'బావగారూ, దూది ఇదిగోండి. మీరే తుడవండి' అంది. ఆయన ఆ డబ్బా వంక చూశాడు. గోడ మీద ఈవిడ వంక చూశాడు. నా వంక చూశాడో లేదో నాకు తెలీదు, నేను తలెత్తలేదు. 'ఎవరూ ఏమీ తుడవక్కర్లేదు' అన్న మాట మాత్రం వినపడింది, 'లేవమ్మా పాపాయీ, లే.' గొణిగారు కొంతమంది. భోజనాలు చెయ్యకుండా వెళ్ళిపోయారు కొంతమంది. మాస్టారు అరుగు మీంచి గుమ్మంలోకి వచ్చి, నాతోనే, 'అమ్మా, కాస్త కాఫీ ఇస్తావా, పంచదార తక్కువ వెయ్యి' అన్నారు. పదోరోజు మనిషి చేతి కాఫీ ఆ రోజుల్లో ఎవరు తాగేవారే? కలిపి తెచ్చాను. సగం సాసర్లో ఒలికిపోయింది. ఆ సాసర్లోది కూడా తాగారు.

ఏంటి, ఆటో ఆగిందా? ఆ, మన గుమ్మంలోనే. చూశావా, మాటల్లో సామర్లకోట ఎప్పుడు దాటిందో తెలీలేదు. కళ్ళు తుడుచుకో, వచ్చినావిడ ఏమనుకుంటుంది? బొమ్మ దింపి ఆ కిటికీ దగ్గర పెట్టు, ఎండ పడకుండా. ఆవిడేదో చెప్తుంది, చెప్పనీ, చదువుకున్న మనిషి, చక్కగా విను. శుభ్రం చేయాలంటే దూది కావాలని అడిగిందనుకో, ఎక్కడుందో తెలుసుగా, వత్తుల డబ్బా దేవుడి గదిలో కింది అరలోనే ఉంది. ఆవిడ చేతికి ఇవ్వకు, నువ్వే పట్టుకో. నేను వంటింట్లో ఉంటాను. ఆగు ఆగు, ఇటు చూడు, నా స్టిక్కరు మధ్యలోనే ఉందా? ఊఁ. సరే, తలుపు తియ్యి. పంచదార వేసుకుంటుందో లేదో ముందు అది కనుక్కో.